టోకిచి వెడ్స్ లూమా

బేతంచెర్ల పురప్రజలకు, పరిసర గ్రామాల బంధుమిత్రులకు విన్నవించడమేమనగా, మొన్న వైశాఖంలో మా ఊరి కల్యాణమండపంలో తలపెట్టిన గ్రహాంతర వివాహ మహోత్సవం సర్వవిధాలా జయప్రదంగా ముగిసింది. వరుడు చి. టోకిచి, జపాన్ దేశపు మహా మరమనిషి మోకీళ్లకు నూనె పెట్టే మెకానిక్కు. వధువు చి.ల.సౌ. లూమా, శత్రుగ్రహ చక్రవర్తిగారి ఆరో కూతురు. ఇద్దరూ టీవీలో బొమ్మలు. మంత్రాలు మాత్రం అసలువి, తాళి అసలుది, ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, పోసింది అసలైన నెయ్యి. నేను రెండు పంక్తుల్లోనూ కూర్చున్నాను కాబట్టి ధైర్యంగా సాక్ష్యం చెబుతున్నాను.

ఈ ఉత్సవం గొప్పతనం తెలియని దూరప్రాంతపు పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. ‘వజ్రకాయ’ అని ఒక బొమ్మల ధారావాహిక ఉంది. జపాన్‌లో తీశారు, ఎవరో పుణ్యాత్ములు తెలుగులోకి మార్చారు, ప్రతి ఆదివారం పొద్దున వస్తుంది. అందులో వజ్రకాయ అనే మరమనిషి మా స్టేషన్ దగ్గరి నీళ్లట్యాంకు మీద ఇంకో ట్యాంకు పెట్టినంత ఎత్తుంటుంది. దాని తలకాయలో హిబారు అనే కుర్రాడు కూర్చుని వారానికొకసారి భూగోళాన్ని రక్షిస్తాడు. పిల్లల కోసం తీసిందంటారు గానీ, ఆదివారం పొద్దున పిల్లలకు ట్యూషన్లుంటాయి. కనుక మా ఊళ్లో పెద్దవాళ్లే చూస్తారు. కల్యాణమండపంలో పెద్ద తెర కట్టి మరీ చూస్తారు.

అలాంటప్పుడు హిబారుకు గదా అభిమాన సంఘం పెట్టాలి, అతని కింద పనిచేసే మెకానిక్కుకు ఎందుకు పెట్టారని మీరు అడగవచ్చు. హిబారు సంఘాన్ని పొరుగూరివాళ్లు ముందే పెట్టేశారు. మా ఊరి బండల ఫ్యాక్టరీ యజమాని బసవరాజ్‌గారు దానికి అధ్యక్షుడిగా ఉండటానికి పెద్దమనసుతో ఒప్పుకున్నారు కూడా. వాళ్లు ఆయన్ను కనీసం సంయుక్త కార్యదర్శినైనా చేయలేదు. ఆ అవమానం ఆయన ఒక్కరిదే కాదు, ఊరందరిదీ అని ఆయనే మాకు వివరించారు. ఆ సాయంత్రమే ‘వజ్రకాయ సహాయపాత్రల అభిమాన సేవా సంఘం’ పుట్టింది. కథానాయకుడు ఒక్కడే, సహాయపాత్రలు బోలెడు. ఒక్కో పాత్రకు ఒక అధ్యక్షుణ్ణీ ఒక ఉపాధ్యక్షుణ్ణీ పెట్టుకుంటే ఊళ్లో పదవి లేని మగవాడు మిగలడు. అందుచేత సంఘం ఏకగ్రీవంగా ఏర్పడింది.

ప్రారంభోత్సవ సభలో బసవరాజ్‌గారి ఉపన్యాసం మా ఊరి చరిత్రలో నిలిచిపోతుంది.

“హీరోను ఎవడైనా ప్రేమిస్తాడు. పక్కన నిలబడినోణ్ని ప్రేమించేటోడే మనిషి! నట్టు బిగించే చేతికి నమస్కారం పెట్టే ఊరు ఈ ప్రపంచంలో ఒకటే ఉండాది. అది బేతంచెర్ల!”

ఆ చివరి మాట దగ్గర మైకు గొంతు పోయింది. బసవరాజ్‌గారి ఫ్యాక్టరీలో పెద్ద పాలిష్ మిషన్ ఆడించే కాశన్న వేదిక వెనక నుంచి వచ్చి, ఊడిన వైరు బిగించాడు. “ఫోటోకు అడ్డం, పక్కకు జరుగురా” అన్నారు బసవరాజ్‌గారు. అతను జరిగాడు. చప్పట్లు మోగాయి.

మా సీమలో కొత్త మనిషి ఎవరు కనిపించినా మర్యాదగా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. “యా ఊరప్పా, ఎవురోళ్లు?” దీనికి జవాబు తెలియకుండా మేం ఎవరికీ మంచినీళ్లు కూడా ఇవ్వం. అభిమానం ఇస్తామా? సహాయపాత్రల్లో ఎవరు ఎవరోళ్లో నిర్ణయించే పనికి ఒక ఉపసంఘం వేశారు. చుక్కల మధ్య తిరిగే ఓడలో వంట చేసే లావాటావిడ చారు పోసే తీరు చూసి మూడు పేటలవాళ్లు “మాయమ్మే” అని కొట్టుకున్నారు. శత్రుగ్రహపు వైద్యుణ్ణి మొదట ఎవ్వరూ ముట్టుకోలేదు. అతను మనసు మార్చుకుని మన పక్షానికి వచ్చిన ఆదివారం సాయంత్రానికల్లా “వాడు మనోడే, నేను ముందే చెప్పలా” అనని కులం లేదు. బసవరాజ్‌గారు శత్రుగ్రహ చక్రవర్తి గోర్వాన్ అభిమానుల అధ్యక్ష పదవి తీసుకున్నారు. దుష్టుడైనా చక్రవర్తి చక్రవర్తే గదా. లారీల యజమాని మహానందిగారు, బసవరాజ్‌గారికి అన్నింటా సమఉజ్జీ, మెకానిక్కు టోకిచిని తీసుకున్నారు. టోకిచి అనాథ. అతని పక్షాన మాట్లాడటానికి వేరే పెద్దదిక్కు లేకపోవడం మహానందిగారికి నచ్చింది.

ఇక ప్రేమ విషయం. లూమా ఎక్కిన ఓడ ఒకనాడు కూలిపోతే టోకిచి ఆమెను లాగి, వజ్రకాయ ఎడమ పాదంలో ఉన్న సామాన్ల గదిలో దాచాడు. తన అన్నం ముద్దలో సగం పెట్టాడు. అప్పటినుంచి ప్రతివారం ఆ పాదంలో ఐదు నిమిషాలు వాళ్లిద్దరూ మాట్లాడుకునేవాళ్లు. మా ఊరు ఆ ఐదు నిమిషాల కోసమే బతికింది. హిబారు భూగోళాన్ని రక్షించడం మొదలుపెట్టగానే జనం టీకి లేచేవాళ్లు. బసవరాజ్‌గారి తల్లి మహాదేవమ్మకు చూపు ఆనదు, అయినా ముందు వరుసలో కూర్చుని కొంగు తడుపుకునేది. “ఆ పిల్లోడు చెయ్యి పట్టుకోకపోతే ఆ బిడ్డ యాడ బతుకుతాదిరా?” అని కొడుకును అడిగేది.

కొడుకు సభలోనే జవాబిచ్చాడు.

“ప్రేమకు గ్రహం లేదు! మెకానిక్కయితే ఏం, మనిషి గాడా? చక్రవర్తి కూతురైతే ఏం, ఆడబిడ్డ గాదా? అడ్డమొచ్చే తండ్రి తండ్రి గాడు, బండరాయి! మా గోర్వాన్‌ను నేనే మారుస్తా, నాది భరోసా!”

బండల ఊళ్లో బండరాయి అన్న మాటకు ఎంత బరువుంటుందో మీకు తెలియదు. ఆడవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ రోజుల్లోనే ఊళ్లో ఒక చిన్న విషయం జరిగింది. ఉత్సవానికి దానితో సంబంధం లేదు, క్రమం తప్పకూడదని చెబుతున్నాను. బసవరాజ్‌గారి ఒక్కగానొక్క కూతురు ప్రణీత డిగ్రీ చదివి తండ్రి ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుంటుంది. ఆ అమ్మాయి, పైన చెప్పిన మైకు వైరు కాశన్న, పెళ్లి చేసుకోవాలనుకున్నారు. రెండేళ్లుగా అనుకుంటున్నారు. ఊరందరికీ తెలుసు. తెలిసినట్టు ఉండకపోవడమే మా ఊరి సంస్కారం. బసవరాజ్‌గారి వాళ్లు వేరే, కాశన్న వాళ్లు వేరే. ఏ విధంగా వేరని అడిగే పాఠకుడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

ప్రణీత ధైర్యం చేసి ఇంట్లో చెప్పింది. మర్నాడు బసవరాజ్‌గారు ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరి ముందూ కాశన్నను నిలబెట్టి, “ఆ పాలిష్ కాళ్లతో నా గడప తొక్కినావంటే, కాళ్లు ఇరగ్గొట్టి క్వారీలో పారేస్తా” అన్నారు. పనిలోంచి మాత్రం తీసేయలేదు. పెద్ద మిషన్ వినేది అతనొక్కడి మాటే. కూతురికి తన మేనల్లుడు ఉమామహేశ్వరతో శ్రావణంలో పెళ్లని మాట ఇచ్చేశారు. ఉమామహేశ్వర కర్నూల్లో వ్యాపారం చేస్తాడు. ఏం వ్యాపారమో ఎవరికీ తెలియదు గానీ, కారు మాత్రం అందరూ చూశారు.

“నాకొద్దు నాయనా. బలవంతం చేస్తే నేను బతకలేను” అన్నది ప్రణీత ఒక ఆదివారం తండ్రి పక్కన నిలబడి.

“ఉండు తల్లీ, లూమా ఏడుస్తాండాది” అని ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. లూమా కోసమే.

చైత్రంలో ఒక పిడుగులాంటి కబురు ఫోన్లలో తిరిగింది. జపాన్‌లో కథ రాసేవాళ్లు టోకిచిని చంపేయబోతున్నారని. అలాంటి కథల్లో నాయకుడికి కోపం తెప్పించాలంటే పక్కన ఉన్నవాణ్ణి చంపుతారట. దాన్ని కథనం అంటారట. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రాస్తారోకో చేద్దామని కొందరు, జపాన్ వస్తువులు బహిష్కరిద్దామని కొందరు అన్నారు. ఫ్యాక్టరీల్లో మోటార్లన్నీ ఆ దేశానివేనని గుర్తొచ్చి ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. అప్పుడు మహానందిగారు లేచారు.

“పెండ్లి జేసేద్దామప్పా. ఏటా దేవునికి జేస్తాండామే కల్యాణం, అట్లనే. మెళ్లో తాళి పడినాక కొత్త పెండ్లికూతురి పసుపు తుడిసేదానికి ఎవునికైనా చెయ్యి ఆడుతాదా? వీడియో తీసి జపానోళ్లకు పంపుదాం.”

ఇంత లోతైన ఆలోచనకు ఎవరు అడ్డు చెబుతారు? ఊరు రెండుగా చీలింది. మహానందిగారు మగపెళ్లివారు, బసవరాజ్‌గారు ఆడపెళ్లివారు. మా వీధి మగపెళ్లివారి వైపు పడింది, కనుక నాకు విడిదింట్లో ఫలహారానికి ఉగ్గాని బజ్జీ దక్కింది. వియ్యపురాళ్ల అలకలు మొదలయ్యాయి. పందిరి వేశారు. ‘టోకిచి వెడ్స్ లూమా’ అని రైల్వే గేటు నుంచి మండపం దాకా ఫ్లెక్సీలు కట్టారు. వధూవరుల బొమ్మలకంటే బసవరాజ్‌గారి బొమ్మ కొంచెం పెద్దదిగా పడింది, అది అచ్చేసినవాడి పొరపాటు.

పురోహితుడు అయ్యవారు రెండు చిక్కులు తెచ్చిపెట్టారు. మొదటిది, తనకు ఉత్తుత్తి మంత్రాలు రావన్నారు. “చదివితే అసలువే చదువుతానండీ, తర్వాత నన్నేమీ అనకూడదు” అన్నారు. రెండోది గోత్రం. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం కాబట్టి టోకిచికి అది చెప్పారు. లూమాకూ అదే చెబితే సగోత్రీకులైపోయి, అన్నాచెల్లెళ్ల వరస పడుతుంది. సంఘం గడగడలాడింది. రెండు గ్రహాల యుద్ధం ఆపలేని ప్రేమ గోత్రం దగ్గర ఆగిపోయేలా ఉంది.

బసవరాజ్‌గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “నా గోత్రమిస్తా, సదువు సామీ. ఈ పొద్దు నుంచి లూమా నా బిడ్డ. కన్యాదానం నాది!”

ఇంతటి త్యాగం చూసి అయ్యవారే కళ్లు తుడుచుకున్నారు. కన్యాదానమంటే పెళ్లికూతురి స్థానంలో కూర్చోవడానికి ఒక ఆడపిల్ల కావాలి. పరాయి ఇంటి పిల్ల చెయ్యి తాను దానమిస్తే నలుగురూ నవ్వుతారని, లూమాగా ప్రణీతే కూర్చోవాలని బసవరాజ్‌గారు తేల్చారు. టోకిచిగా మేనల్లుడు ఉమామహేశ్వర. ఎలాగూ శ్రావణంలో చేసేదే, ఇప్పుడే ముడి పడినా నష్టం లేదని ఆయన లెక్క. అందుకే తాళి బంగారంతో చేయించారు. ప్రణీతను ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి కూడా ఈసారి ఏమీ అనలేదు, అన్నం మాత్రం మానేసింది.

పెళ్లిపీటల మీద కూర్చునేవాళ్లు టోకిచి, లూమాల్లా కనబడటానికి తలమీద పెట్టుకునే రెండు పెద్ద ఇనప బుర్రలు కాశన్న చేశాడు. ఫ్యాక్టరీలో పారేసిన నీళ్ల డ్రమ్ములు కోసి, వాటికి లారీ దీపాలు కళ్లుగా పెట్టాడు. మండపం గుమ్మం ముందు పాత రిమ్ములతో ఒక వజ్రకాయను కూడా నిలబెట్టాడు. లూమా బుర్రకు లోపల మెత్తటి గుడ్డ కుట్టి, గాలి ఆడేలా చెవుల దగ్గర చిల్లులు పెట్టాడు. టోకిచి బుర్రకు ఏ చిల్లులూ పెట్టలేదు. అందులో కూర్చోబోయేది ఎవరో అతనికి తెలుసు.

ముహూర్తం రోజు ఎండ గురించి చెప్పనవసరం లేదు. వైశాఖంలో బేతంచెర్ల బండ మీద నీళ్లు పోస్తే చుయ్యిమంటాయి. ఉమామహేశ్వర పట్టుపంచె కట్టుకుని వచ్చి, ఇనప బుర్ర తలమీద పెట్టుకుని, పది అడుగులు నడిచి, తీసి కింద పడేశాడు.

“శానా ఉడుకుతాంది మహానందన్నా. హిబారయితే కూచుంటా గానీ, నూనె పూసుకునేటోని బుర్ర నా నెత్తిన పెడ్తారా? మా ఫ్రెండ్స్ జూస్తే ఏమనుకుంటారు?”

అని కారెక్కి, ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని నిద్రపోయాడు. లోపల ఆడపెళ్లివారి సన్నాయి మోగుతోంది. వరుడు లేడని తెలిస్తే మగపెళ్లివారి పరువు ఏం కావాలి? మహానందిగారు చుట్టూ చూశారు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి, కిందపడ్డ బుర్రకు ఊడిన దీపం బిగిస్తున్న కాశన్న కనిపించాడు.

“మూర్తం దాటిపోతాంది. రేయ్, నువ్వు పెట్టుకోరా.”

“నేనా అప్పా? ఆడ కూచునేది ప్రణీత” అన్నాడు కాశన్న.

“ప్రణీత గాదు, లూమా. నువ్వు కాశన్న గాదు, టోకిచి. లోపల ఎవడుంటే ఏం, జనం జూసేది బుర్రనే గదా!”

పంచె కట్టించి, బుర్ర పెట్టి లోపలికి నడిపించారు. మగపెళ్లివారంతా చూశాం. ఒకరి పెళ్లి చెడగొట్టిన పాపం మనకెందుకని కొందరు, విస్తట్లో వేసే కోసంబరి అయిపోతుందేమోనని కొందరు గబగబా లోపలికి నడిచారు.

కన్యాదాన ఘట్టం వచ్చింది. బసవరాజ్‌గారు పళ్లెంలో వరుడి కాళ్లు పెట్టించారు. భార్య శివజ్యోతమ్మ వెండి చెంబుతో నీళ్లు పోస్తుంటే, ఆయన రెండు చేతులా ఆ కాళ్లు కడిగారు. పగుళ్లలో పేరుకున్న తెల్లటి రాతిపిండి కరిగి నీళ్లు మజ్జిగలా అయ్యాయి. “మేకప్ జూడప్పా, అచ్చం పనోని కాళ్ల మాదిరే జేసినారు” అని ఆడపెళ్లివారు మెచ్చుకున్నారు. బసవరాజ్‌గారు ఇంకాస్త నిష్ఠగా వేళ్ల సందులు కూడా రుద్ది, ఆ నీళ్లు తల మీద చల్లుకున్నారు. గడప తొక్కితే విరగ్గొడతానన్న కాళ్లవి. నాకు నవ్వు ఆగక పైపంచె నోట్లో కుక్కుకున్నాను. పక్కనున్నాయన నేను ఆనందంతో ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరాడు.

తర్వాత అడ్డుతెర పట్టారు. తెర కింద నుంచి పెళ్లికూతురికి కనిపించేవి పెళ్లికొడుకు పాదాలే. కాశన్న కుడికాలి బొటనవేలికి గోరు లేదు. కిందటేడు బండ జారి పడి పోయింది. ఆ రోజు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చి తన చున్నీ చింపి కట్టు కట్టింది ప్రణీతే. ఇప్పుడు లూమా బుర్ర ఆ వేలి వైపు వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. బుర్ర బరువుకు మెడ నొప్పెడుతోంది కాబోలని అమ్మలక్కలు జాలిపడ్డారు. కాసేపటికి లోపలి నుంచి చిన్నగా ఏదో శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో ఇనుములోంచి తెలియలేదు.

జీలకర్ర బెల్లం అయింది. బసవరాజ్‌గారు కూతురి చేతిని వరుడి చేతిలో పెట్టి మంత్రం చెప్పారు. తాళి పడింది. ఊరు ఊరంతా అక్షతలు చల్లింది. మహాదేవమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక తాళి పడగానే ఇంతమంది ఒక్కసారి సంతోషించడం నా జీవితంలో నేను చూడలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది గానీ, అయ్యవారికి అరుంధతి ఉంది.

మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి వేలు చూపి, అదుగో అరుంధతీ నక్షత్రం అనడం, దంపతులు తలెత్తి చూసి కనబడింది అనడం మన ఆచారం. ఇనప బుర్రలతో తలెత్తడం కుదరలేదు. “అవి తీస్తే గానీ కనబడదండీ” అన్నారు అయ్యవారు. ఇద్దరూ బుర్రలు తీశారు.

“యో, ఈడు మన కాశన్న గదరా!” అన్నది మహాదేవమ్మ. ఊళ్లో చూపు ఆననిది ఆమె ఒక్కతెకే.

సన్నాయి ఆగింది. పట్టపగలు నక్షత్రం చూసిన జనం ఎదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషుల్ని చూసి గుర్తుపట్టలేనట్టు నిలబడిపోయారు. ముందు తేరుకున్నది బసవరాజ్‌గారు.

“నాటకం! ఇదంతా నాటకం! తియ్యే తాళి!”

“నాటకానికి నేను మంత్రాలు చదవనండీ. ముందే చెప్పాను” అని అయ్యవారు సంచీ సర్దుకున్నారు.

ప్రణీత తాళిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. “నేనేం జేసినా నాయనా? కూచోమంటే కూచున్నా. గోత్రమిచ్చింది నువ్వు. కాళ్లు కడిగింది నువ్వు. నా చెయ్యి తీసుకోని ఆయన చేతిలో పెట్టింది నువ్వు.”

“అవి టోకిచి కాళ్లనుకున్నా గదే!”

“టోకిచికి కాళ్లు యాడుండాయి నాయనా? వాడు బొమ్మ గదా.”

ఈ ప్రశ్నకు సమాధానం ఆలోచించడానికి సంఘం అక్కడికక్కడే సర్వసభ్య సమావేశం జరిపింది. రెండో పంక్తి విస్తళ్లు చల్లారిపోతున్నా, ధర్మసూక్ష్మం ముందు ఆకలి లెక్కకాదని నిరూపించారు. అంతకుముందు మగపెళ్లివారైన మహానందిగారు ఇప్పుడు ఆడపెళ్లివారి దుఃఖంలో పాలుపంచుకుంటూ తీర్మానం చదివారు. టోకిచికీ లూమాకూ జరిగిన వివాహం శాస్త్రోక్తమైనది, పవిత్రమైనది, జన్మజన్మలకూ విడదీయరానిది. అదే సమయంలో, అదే పీటల మీద, అదే తాళితో కాశన్నకూ ప్రణీతకూ ఏ వివాహమూ జరగలేదు. తాళి తీసి లూమా బుర్రకు కట్టాలి. చేతులెత్తమన్నారు. అంతకు కాసేపటి ముందు అక్షతలు చల్లిన చేతులన్నీ లేచాయి. అరచేతులకు పసుపు ఇంకా ఉంది.

గుప్పిట మాత్రం ఎవరూ విప్పలేకపోయారు. ఆడవాళ్లు నలుగురు ప్రయత్నించి, గాజులు పగిలాక వదిలేశారు. కాశన్న ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఆయమ్మను ముట్టుకోవద్దండి. నన్ను కొట్టండి” అన్నాడు. కొట్టారు. ప్రణీత అతని చెయ్యి పట్టుకుని, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ గుమ్మం ముందు నిలబడ్డ వజ్రకాయ కాళ్ల కిందుగా బయటికి వెళ్లిపోయింది. లూమా బుర్రకు ఒక పసుపుకొమ్ము కట్టి సరిపెట్టారు. బుర్రల్ని పెళ్లికుర్చీల్లో కూర్చోబెట్టారు. వాటి ముందు విస్తళ్లు వేశారు. మేమంతా వరుసలో నిలబడి దంపతులతో ఫోటోలు దిగాం. బయట కార్లో ఉమామహేశ్వర ఇంకా నిద్రలేవలేదు.

కాశన్న పని పోయింది. వాళ్ల పేటలోనూ పెద్దమనుషులున్నారు, వాళ్లకూ పరువుంది, వాళ్ల పిల్లలకూ బసవరాజ్‌గారి ఫ్యాక్టరీలోనే కూలి. కనుక అక్కడా చోటు దొరకలేదు. ఇద్దరూ ఆ వారమంతా ఒక గది కోసం వీధివీధీ తిరిగారు. మా ఊరివాళ్లు మంచివాళ్లు. ఒక్కరూ మొహం మీద తలుపు వేయలేదు. మాకేం అభ్యంతరం లేదు గానీ మా అత్తగారికి పట్టింపు అన్నారు. అత్తగారు లేనివాళ్లు నీళ్ల మోటారు చెడిపోయిందన్నారు.

నా మేడ మీద గది ఖాళీగా ఉంది. ‘అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు కూడా వేలాడుతోంది. శనివారం పొద్దున వాళ్లు నా గుమ్మం ముందు నిలబడ్డారు. అమ్మాయి పాదాలకు పెళ్లి పారాణి ఇంకా పోలేదు. కాశన్న కన్ను వాచి ఉంది.

“వారం రోజులకైనా ఇయ్యి పెద్దప్పా. పని దొరికినాక యాడికైనా పోతాం” అన్నాడు.

నాకు జాలేసింది. ఒట్టు, గుండె కలుక్కుమంది. గదికి సున్నం వేయించాలి నాయనా అన్నాను. బోర్డు వైపు ఒకసారి చూసి, “సరే పెద్దప్పా” అని వెళ్లిపోయారు.

ఆదివారం మండపం కిక్కిరిసింది. మేం చేసిన కల్యాణం ఫలించింది. జపాన్‌వాళ్లు టోకిచిని చంపలేదు! అతనూ లూమా ఒక పాత ఓడలో పారిపోయారు. కానీ వాళ్లను ఏ గ్రహమూ దిగనివ్వలేదు. ఒక గ్రహంవాళ్లు చోటు లేదన్నారు, ఇంకో గ్రహంవాళ్లు గోర్వాన్‌కు కోపమొస్తుందన్నారు. చుక్కల మధ్య ఓడ తిరుగుతూనే ఉంది, లోపల ఇద్దరూ ఒక అన్నం ముద్దను పంచుకుంటున్నారు. మండపంలో ఏడవని మనిషి లేడు. “ఒక్కరికీ మనసు రాకపోయె గదరా” అని మహానందిగారు తల బాదుకున్నారు. బసవరాజ్‌గారు మైకు అందుకున్నారు. “వాళ్లు మన బేతంచెర్లలో దిగితే నా ఇల్లే ఇచ్చేద్దును! వాడు తండ్రా? వాడు మనిషా?” అని గోర్వాన్‌ను తిట్టి తిట్టి కూర్చుండిపోయారు. మైకు మళ్లీ పోయింది. ఈసారి వైరు బిగించడానికి ఎవరూ రాలేదు. అదే సమయంలో గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు కూత వినిపించింది. అందులో ఎవరెక్కారో మాకు తెలుసు. ఓడ శబ్దం వినబడటం లేదని ఎవరో లేచి మండపం కిటికీలు మూశారు.

దంపతులకు నీడ కల్పించాలని ఆ రోజే తీర్మానమైంది. మండపం పక్కన ‘టోకిచి–లూమా నిలయం’ కట్టేశారు. కింద మెరిసే మా ఊరి బండలు, గోడకు ఏసీ, మధ్యలో రెండు కుర్చీలు, కుర్చీల్లో రెండు ఇనప బుర్రలు. పెళ్లికాని పిల్లల్ని తీసుకొచ్చి వాటి చుట్టూ ప్రదక్షిణలు చేయిస్తున్నారు. మంచి సంబంధాలు కుదురుతున్నాయట, అన్నీ మనోళ్లలోనే.

నా గదికి సున్నం వేయడం పూర్తయింది. బోర్డు అలాగే ఉంది. టోకిచి, లూమా వస్తే నేను అద్దె కూడా తీసుకోను. ఇక మీ సంగతి. ఇంతదూరం చదివి బసవరాజ్‌గారిని, మహానందిగారిని, నన్ను నాలుగు తిట్టి ఉంటారు, మీ మనసు అంత మెత్తన. కాశన్న, ప్రణీత ఆ బండి దిగి ఇప్పుడు మీ ఊళ్లోనే గది కోసం తిరుగుతున్నారని విన్నాను. ఇవాళో రేపో మీ తలుపు తడతారు. తీయండి, మంచినీళ్లివ్వండి. ముందుగా ఏమడగాలో నేను చెప్పనక్కరలేదు. అప్పుడే మీ నాలుక చివర ఉంది. “యా ఊరప్పా, ఎవురోళ్లు?”